మతం అడిగి కాల్చారు సరే, మతమే కాల్పించిందా?

కావలి శీనయ్య (చర్చ మొదలుపెట్టినవారు)

పహల్గాం జరిగి రెండు నెలలు కావస్తోంది. 2025 ఏప్రిల్ 22న కాశ్మీర్‌లో బైసరన్ మైదానంలో 26 మందిని కాల్చి చంపారు. అందులో ఒకరు మా కావలి మనిషి. ఆ వారమంతా ఇక్కడ ఏ టీ బంకు దగ్గర నిలబడినా ఇదే మాట. పేరు అడిగారు, మతం అడిగారు, కల్మా (ఇస్లాం విశ్వాస వాక్యం) చదవమన్నారు, తర్వాత కాల్చారు అని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు.

మా బావమరిది "ఇంతకంటే రుజువేం కావాలి, మతమే చంపించింది" అంటాడు. మా ఆఫీసులో ఒక పెద్దాయన "మతానికేం సంబంధం, ఇదంతా సరిహద్దు రాజకీయం" అంటాడు. నాకు రెండూ మింగుడు పడట్లేదు. రెండో ఆయన మాట వింటే చచ్చిపోయినవాళ్ళను ఏం అడిగారో మర్చిపొమ్మన్నట్టుంది. మొదటి ఆయన మాట వింటే మా వీధి చివర టైలరు కూడా దోషే అన్నట్టుంది.

ఇక్కడ గుడికి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, నమాజు చేసేవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మతం నిజంగా మనిషి చేత ఇట్లాంటి పని చేయిస్తుందా? చేయిస్తే, ఆ దేవుణ్ణే నమ్మే మిగతావాళ్ళు ఏం చేయాలి? తిట్లు వద్దు దయచేసి.

పెన్నా పులి

చర్చకేముంది శీనన్నా? మతం అడిగి కాల్చినాక కూడా కారణం వెతికేది మేధావులే. 2002లో అక్షరధామ్, 2008లో ముంబయిలో 166 మంది, ఇప్పుడిది. ప్రతిసారీ అదే మతం. ఆ తర్వాత టీవీలో కూర్చొని "ఉగ్రవాదానికి మతం లేదు" అంటారు. లేకపోతే కల్మా ఎందుకు చదవమన్నారు?

కందుకూరు హేతువాది

పులి గారూ, "ప్రతిసారీ అదే మతం" అన్నది నిలబడదు. 1994 ఫిబ్రవరిలో హెబ్రోన్‌లో, రంజాన్ నెలలో నమాజు చేసుకుంటున్న 29 మందిని కాల్చి చంపినవాడు యూదుడు, చదువుకున్న డాక్టరు. 2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల మీద పడి 51 మందిని చంపినవాడు ఆస్ట్రేలియా తెల్లవాడు. చనిపోయినవాళ్ళలో హైదరాబాదు వాళ్ళు కూడా ఉన్నారు. 2012 ఆగస్టులో అమెరికాలో ఓక్ క్రీక్ గురుద్వారాలో ఆడవాళ్ళు లంగరుకి (అందరికీ పెట్టే ఉచిత భోజనానికి) వంట చేస్తుండగా కాల్పులు జరిపినవాడు నాజీ భావాలున్న మాజీ సైనికుడు.

అట్లాగని మతాన్ని వదిలిపెడతానని అనుకోవద్దు. ఆ హెబ్రోన్ హంతకుడి సమాధి దగ్గరికి జనం మొక్కడానికి పోయేవాళ్ళు. 1999లో ఇజ్రాయెల్ ప్రభుత్వమే సమాధి చుట్టూ కట్టినదాన్ని పీకేయించింది. హంతకుడికి గుడి కట్టేది మతం ఒక్కటే. చంపితే పాపం అన్న భయాన్ని తీసేసి, చంపితే పుణ్యం అని చెప్పే శక్తి ఇంకదేనికీ లేదు.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు

హేతువాది గారూ, చివరి రెండు వాక్యాలూ తొందరపాటు. గుడి కట్టడానికి దేవుడు అక్కర్లేదు. శ్రీలంకలో తమిళులకు ప్రత్యేక దేశం కావాలని పోరాడిన ఎల్టీటీఈ వాళ్ళు ఏటా జులై 5న బ్లాక్ టైగర్స్ (వాళ్ళ ఆత్మాహుతి దళం) దినం చేసేవాళ్ళు, ఫొటోలు పెట్టి, దీపాలు వెలిగించి. అది మత సంస్థ కాదు. రాబర్ట్ పేప్ అనే అమెరికా ప్రొఫెసర్ 1980 నుంచి 2003 దాకా జరిగిన 315 ఆత్మాహుతి దాడుల్ని లెక్కతీస్తే అందులో 76 ఎల్టీటీఈవే. అప్పటికి ఎవరికంటే వాళ్ళవే ఎక్కువ. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ ముందు వంగినమ్మాయి స్వర్గం కోసం వంగలేదు.

శీనయ్యా, నీ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది ఇంకొకటుంది. 1985 మే 14న శ్రీలంకలోని అనురాధపురంలో ఎల్టీటీఈ వాళ్ళు 146 మందిని కాల్చి చంపారు, కొందరిని బౌద్ధులు పరమ పవిత్రంగా చూసుకునే బోధివృక్షం దగ్గరే. 1990 ఆగస్టులో కాత్తాన్‌కుడి మసీదుల్లో రాత్రి నమాజులో ఉన్న వంద మందికి పైగా చంపారు. అక్కడ మతం చూసే కాల్చారు. కానీ కాల్చింది ప్రత్యేక దేశం కోసం. ఎవరిని చంపాలో మతం చెప్పడం వేరు, ఎందుకు చంపాలో మతం చెప్పడం వేరు. పహల్గాంలో మొదటిది జరిగిందని కళ్ళారా చూసినవాళ్ళు చెప్పారు. రెండోది ఎంతవరకు అన్నదే మన ప్రశ్న.

ఇంక మన దగ్గర. అదే 1985, జులై 17, కారంచేడు. అప్పుడది మన ప్రకాశం జిల్లా. ముందురోజు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల విషయంలో మొదలైన తగువు. ఒకామె బిందె ఎత్తి అడ్డం చెప్పింది. మర్నాడు పొద్దున అగ్రకులం వాళ్ళు గొడ్డళ్ళు, బరిసెలు తీసుకుని పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. మిగతావాళ్ళు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 అయింది. చంపినవాళ్ళు ఎవరినీ మతం అడగలేదు. ఎవరు ఎక్కడ ఉంటారో, ఏ కులమో వాళ్ళకు ముందే తెలుసు. తుపాకీ లేదు కాబట్టి ఆరుగురితో ఆగింది అని అప్పట్లో ఒక లాయరు అంటే విన్నాను.

పెన్నా పులి

మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ కాశ్మీర్ గురించి అడిగితే కారంచేడు చెబుతారేంది? ఎప్పుడూ ఇంతే, వాళ్ళ తప్పు ఎత్తగానే మన తప్పులు బయటికి వస్తాయి.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు

కారంచేడు "మన" తప్పు అని ఒప్పుకున్నావు చూడు, నాకు అంత చాలు నాయనా.

డల్లాస్ ఆత్మకూరోడు

అమెరికా నుంచి ఒక మాట. మేముండేది ఆలెన్ పక్కనే. 2023 మే 6, శనివారం మధ్యాహ్నం, అక్కడి అవుట్‌లెట్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని చంపాడు. చనిపోయినవాళ్ళలో మన తెలుగమ్మాయి ఒకరు. పిల్లలకు బూట్లు కొనాలంటే మన ఇళ్ళన్నీ పోయే మాల్ అది. వాడి ఒంటి మీద నాజీ పచ్చబొట్లు ఉన్నాయి.

ఇక్కడ ఉంటే ఒకటి అర్థమవుతుంది. కాల్పులు చర్చిలో జరిగినా కారణం మతం కాకపోవచ్చు. 2017 నవంబరులో మా టెక్సస్‌లోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ అనే పల్లెలో ఆదివారం ఆరాధన జరుగుతుంటే 26 మంది చనిపోయారు. అత్తగారి కుటుంబం మీద పగ అని పోలీసులు చెప్పారు. ఆమె ఆ చర్చికి పోయే మనిషి. భార్యను కొట్టిన కేసులో మిలిటరీ కోర్టు శిక్ష వేసినా, ఎయిర్‌ఫోర్స్ ఆ వివరాన్ని ఎఫ్‌బీఐ రికార్డుకి పంపలేదు కాబట్టి వాడికి తుపాకీ దొరికింది. దానికి నెల ముందు లాస్ వేగాస్‌లో హోటల్ కిటికీలోంచి కాల్చినవాడైతే 60 మందిని చంపాడు. ఎఫ్‌బీఐ ఏడాదికి పైగా తవ్వి, స్పష్టమైన కారణం ఒక్కటి కూడా దొరకలేదని రాసింది.

జిలియన్ పీటర్సన్, జేమ్స్ డెన్స్‌లీ అని ఇద్దరు ప్రొఫెసర్లు 1966 నుంచి జరిగిన ఇట్లాంటి కేసులన్నీ తిరగేశారు. వాళ్ళు చూసినదాంట్లో ఎక్కువసార్లు కనిపించేది ఇదీ: చిన్నప్పుడు ఇంట్లో హింస, కాల్పులకు కొన్నాళ్ళ ముందు ఉద్యోగమో పెళ్ళో ఏదో కూలిపోవడం, అంతకుముందు కాల్చినవాళ్ళ గురించి పిచ్చిగా చదవడం, చేతికి తుపాకీ అందడం. ఇంకొకటి కూడా. చాలామంది ముందే ఎవరో ఒకరికి చెప్పేస్తారు. స్నేహితుడికో, ఇంటర్నెట్‌లోనో. విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు.

అయితే పులి తమ్ముడు చెప్పేదాన్ని కూడా నేను కొట్టిపారేయను. ఇక్కడి ఒంటరి షూటర్‌కీ, పహల్గాంలో ఒక సంస్థ పంపిన ముఠాకీ తేడా ఉంది. ఒంటరివాడు తన గోడు తనే మోస్తాడు. ముఠాలో వాడికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పుతారు. ఆ పాఠం ఎక్కువగా మతం మాటల్లోనే ఉంటుంది.

కందుకూరు హేతువాది

అదే నేను అంటున్నది! పాఠం మతం మాటల్లో ఎందుకుంటుంది? ఆ మాటలు అక్కడ రెడీగా ఉన్నాయి కాబట్టి.

ప్రభుదాసు, సింగరాయకొండ

వందనాలు. నేను పాస్టర్ని కాదు, సండే స్కూల్ చెబుతా. మా బాప్టిస్టులు చిన్నప్పటినుంచీ వినే కథ ఒకటుంది: 1878 జులైలో అమెరికా మిషనరీ క్లౌ దొర హయాంలో గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు అందరూ "మావాళ్ళే". అదే క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు తుపాకీ పట్టుకుంటే "వాడు నిజమైన క్రైస్తవుడు కాదు" అంటాం. రెండూ ఒకే నోటితో ఎట్లా అంటామని మా తరగతిలో ఒక ఇంటర్ పిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ పిల్లకి అమెరికాలోని చార్ల్‌స్టన్ సంగతి చెప్పాను. 2015 జూన్ 17, బుధవారం రాత్రి. నల్లవాళ్ళ చర్చి, కింది గదిలో బైబిలు పాఠం. ఇరవయ్యొక్కేళ్ళ తెల్ల కుర్రాడు లోపలికి వచ్చాడు. ఎవరివి, ఎందుకొచ్చావు అని అడగలేదు. పాస్టరుగారి పక్కనే కుర్చీ ఇచ్చారు. దాదాపు గంట కూర్చొని విన్నాడు. చివరి ప్రార్థనకు అందరూ తలవంచి కళ్ళు మూసుకున్నాక తుపాకీ తీశాడు. తొమ్మిది మంది చనిపోయారు, పాస్టరుతో సహా. వాడి ద్వేషం జాతి ద్వేషం. కానీ వాడి పేరు ఒక లూథరన్ సంఘం రిజిస్టర్లో ఉంది. మన గుంటూరుకి మిషనరీలను పంపిన పాత లూథరన్ సంఘాలకు వారసురాలే ఆ సంఘం.

అప్పుడు ఆ సంఘానికి పెద్దగా ఉన్న బిషప్ ఎలిజబెత్ ఈటన్ మాకు సంబంధం లేదని ప్రకటన ఇచ్చి ఊరుకోవచ్చు. ఆమె అట్లా చేయలేదు. కాల్చాడంటున్నవాడు మావాడే, చనిపోయినవాళ్ళలో ఇద్దరు మా సెమినరీలో చదివినవాళ్ళే అని సంఘానికి ఉత్తరం రాసింది. మన బడుల్లో, మన పాటల్లో, మన మౌనంలో ఈ ద్వేషం ఎక్కడ పెరిగిందో వెతుక్కోమని ఆ సంఘమంతా తర్వాత పని పెట్టుకుంది. నా దృష్టిలో నమ్మేవాడు మొదట చేయాల్సింది అదే. "మావాడు కాదు" అనేముందు రిజిస్టరు తెరిచి చూడటం.

పెన్నా పులి

ప్రభుదాసు గారి మాట నచ్చింది. ఇదే మాట ఇంకోవైపు నుంచి ఎందుకు రాదు?

[ఈ వ్యాఖ్యలో తర్వాతి రెండు వాక్యాలు ఒక మతాన్ని కించపరిచేలా ఉన్నందున తీసేశాం. మొదటి ప్రశ్న న్యాయమైనదే కాబట్టి ఉంచాం. – మోడరేటర్]

షకీలా, కోటమిట్ట

మోడరేటర్ గారూ, ఆ రెండు వాక్యాలు ఉంచినా నాకు ఇబ్బంది లేదు, ఏప్రిల్ నుంచి అంతకంటే ఘనమైనవి చదివాను.

పులి అన్నా, వచ్చింది. మీ ఫోన్‌కి చేరలేదు. ఏప్రిల్ 23న కాశ్మీర్ లోయ మొత్తం బంద్ పాటించింది. మసీదు మైకుల్లోంచే పిలుపు ఇచ్చారు. ముప్పై అయిదేళ్ళలో మిలిటెంట్లకు వ్యతిరేకంగా అక్కడ అట్లాంటి బంద్ జరగలేదని రాశారు. శ్రీనగర్ పేపర్లు మొదటి పేజీ నల్లగా వేశాయి. 26 మందిలో ఒకడు గుర్రం మీద టూరిస్టుల్ని తిప్పే ముస్లిం కుర్రాడు. కాల్చేవాళ్ళకు అడ్డం పోయి చనిపోయాడని వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఇండోర్ నుంచి వచ్చిన క్రైస్తవుడు కూడా ఒకరు చనిపోయారు.

ఇది నేను మార్కుల కోసం చెప్పట్లేదు. ఖండించడం తేలిక. మా ఆయన అన్నం తింటూ ఒక చేత్తో స్టేటస్ పెట్టేశాడు. "ఒక్క ప్రాణం తీస్తే మానవజాతినంతా చంపినట్టే" అన్న ఖురాన్ ఆయత్ (వాక్యం) నాకూ కంఠతా వచ్చు. హేతువాది గారు వెంటనే యుద్ధం ఆయత్ ఒకటి చూపిస్తారు. ఆ పోటీలో ఎవరూ గెలవరు.

నాకు కష్టమనిపించేది వేరే ఉంది. మా చుట్టాల గ్రూపులో పహల్గాం మర్నాడే ఒకాయన "ఇదంతా వాళ్ళే చేయించుకున్నారు" అని వీడియో పెట్టాడు. వయసులో పెద్దాయన, హజ్ చేసొచ్చిన మనిషి. పదిమంది చూసి ఊరుకున్నారు. నేను రాశాను: "మామూ, కావలిలో ఒక ఇంటికి శవం వచ్చింది. వాళ్ళింటికెళ్ళి ఈ వీడియో చూపించగలరా?" మూడు వారాలు మాట్లాడలేదు నాతో. మా అమ్మ నన్నే తిట్టింది, పెద్దవాళ్ళను అట్లా అంటారా అని. మసీదు ముందు బ్యానర్ పట్టుకోవడం కంటే ఇది ఎక్కువ టెన్షన్. బ్యానర్ బయటివాళ్ళకు. ఇది ఇంట్లోవాళ్ళతో.

ఇంకొకటి. ఏప్రిల్ చివర్లో మా అబ్బాయిని ట్యూషన్‌లో ఒక పిల్లవాడు "నీకు కల్మా వచ్చా?" అని అడిగాడట. వీడికి ఏడేళ్ళు. వచ్చని సంతోషంగా చదివి వినిపించి వచ్చాడు.

దర్శి నర్సు

షకీలా అక్కా, చివరి మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

నేను వేరే విషయం అడుగుతా. ప్రభుదాసు గారూ, చార్ల్‌స్టన్‌లో రెండు రోజులు తిరక్కుండానే చనిపోయినవాళ్ళ బంధువులు కోర్టులో నిలబడి "నిన్ను క్షమిస్తున్నాం" అన్నారు కదా. టీవీలన్నీ దాన్నే చూపించాయి. క్షమించలేనని చెప్పిన కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్ళ మాట ఎవరికీ గుర్తు లేదు. క్యాజువాల్టీలో పనిచేస్తా నేను. శవం ఇంకా మార్చురీలోనే ఉంటుంది, అప్పుడే ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "దేవుడి చిత్తం, మనసు గట్టి చేసుకో" అంటాడు. అది ఓదార్పు కాదు, నోరు మూయించడం.

ప్రభుదాసు, సింగరాయకొండ

చెల్లెమ్మా, నిజమే. క్షమాపణ గురించి చెప్పే హక్కు దెబ్బ తిన్నవాళ్ళదే, మాది కాదు. ఒక్క ఉదాహరణ మాత్రం చెబుతా. 2006 అక్టోబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ చిన్న బడిలో ఒకడు అయిదుగురు ఆడపిల్లల్ని చంపి తనూ చచ్చాడు. వాడి పాప పుట్టగానే చనిపోయిందట, దేవుడి మీద కోపమని చీటీ రాశాడు. ఆ సాయంత్రమే ఆమిష్ పెద్దలు వాడి భార్యాపిల్లల దగ్గరికి వెళ్ళారు. వాడి ఖననానికి కూడా వెళ్ళారు. ఆమె కోసం డబ్బు పోగుచేశారు. బడిని కూల్చేసి ఇంకోచోట కట్టుకున్నారు. టీవీల ముందుకు వచ్చి ప్రసంగాలు చేయలేదు. మాటల క్షమాపణ కంటే అది వేరు అనిపించింది.

కందుకూరు హేతువాది

ఆమిష్ వాళ్ళను మెచ్చుకుంటాను. కానీ న్యూజిలాండ్‌ను ఎక్కువ మెచ్చుకుంటాను. అక్కడ కూడా జనం మసీదుల ముందు చేతులు పట్టుకుని నిలబడ్డారు, ఆడవాళ్ళు తలకు గుడ్డ కట్టుకున్నారు, మంచిదే. అంతటితో ఆగలేదు. నెల తిరక్కుండా సెమీ ఆటోమేటిక్ తుపాకుల్ని చాలావరకు నిషేధిస్తూ పార్లమెంటు 119 ఓట్లతో చట్టం చేసింది, వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు. హంతకుడి పేరు తను పలకనని అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ సభలోనే చెప్పింది. ప్రార్థన కంటే ఆ ఓట్లే ఎక్కువమందిని కాపాడతాయి.

డల్లాస్ ఆత్మకూరోడు

పేరు పలకకపోవడం పైకి కనిపించేదానికంటే పెద్ద విషయం. క్రైస్ట్‌చర్చ్ వాడు నార్వే హంతకుణ్ణి పొగుడుతూ రాసుకున్నాడు. ఆ నార్వేవాడు 2011లో 77 మందిని చంపినవాడు. తనకు దేవుడి మీద పెద్దగా భక్తి లేదని, సంస్కృతిలో మాత్రం క్రైస్తవుణ్ణని రాసుకున్నాడు కూడా. భక్తి లేకపోయినా మతం జెండా పనికొచ్చింది చూడండి. వీళ్ళకు కావాల్సింది ప్రేక్షకులు.

కావలి శీనయ్య

అందరికీ ధన్యవాదాలు. నాకు అర్థమైంది ఇది: తుపాకీ పట్టుకోడానికి కారణం ఒక్కొక్కడికి ఒక్కోటి. కానీ "ఇది పాపం కాదు" అని ఒకడికి ధైర్యం ఇచ్చేది చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు. ఆ మాటలు గుడి, మసీదు, చర్చి దగ్గర కంటే ఇప్పుడు మన ఫోన్లలోనే ఎక్కువ తిరుగుతున్నాయి.

దీనికి సంబంధించే ఇంకో సంగతి. వచ్చే నెల నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గా రొట్టెల పండుగ, మొక్కుకున్నవాళ్ళు రొట్టెలు ఇచ్చిపుచ్చుకునేది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన "ఈసారి మనవాళ్ళెవరూ దర్గాకి పోవద్దు, పహల్గాంకి అదే జవాబు" అని పెట్టాడు. ఇరవై థంబ్స్ అప్‌లు. నేనేం రాయాలి?

పెన్నా పులి

దానికి నేను కూడా ఒప్పుకోను. పోయినేడాది మా చెల్లెలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సంతానం రొట్టె పట్టుకుంది. ఇచ్చినామె బురఖాలో ఉంది. మొక్కు తీరింది, ఈసారి మా చెల్లెలు తిరిగి రొట్టె వదలాలి. వదలొద్దని ఎవడన్నా మా ఇంటికొచ్చి చెబితే మా అమ్మ చేతిలో అయిపోతాడు. కానీ శీనన్నా, నా ప్రశ్న అట్లాగే ఉంది. కుర్రాళ్ళకు కూర్చోబెట్టి నేర్పేవాళ్ళ మీద ఎవరు కన్నేస్తారు?

షకీలా, కోటమిట్ట

మా వైపు మేము వేస్తాం అన్నా, నేను మా మామూతో మొదలుపెట్టాను కదా. శీనయ్య గారి గ్రూపులో ఆ ఇరవై మంది సంగతి మీరు చూసుకోండి. బారా షహీద్ దర్గా దగ్గర క్యూ పెద్దదిగా ఉంటుంది, తెల్లవారుజామునే రమ్మని మీ చెల్లెలికి చెప్పండి.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు

శీనయ్యా, పొడుగ్గా రాయకు. పొడుగు మెసేజీ ఎవరూ చదవరు. కావలి పేరు చెప్పి రెండు ముక్కలు రాయి.

కావలి శీనయ్య

రాశాను మాస్టారూ. "చనిపోయినాయనది మా ఊరు. ఆయన పేరు చెప్పి దర్గాకి పోవద్దనే హక్కు మీకెవరిచ్చారు?" అని పెట్టా. ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. థంబ్స్ అప్ పెట్టినవాళ్ళలో కొందరు తీసేసుకున్నారు. ఒకావిడ విడిగా మెసేజ్ చేసి, తను పోతున్నానని, కారులో చోటుందా అని అడిగింది. అడ్మిన్ మాత్రం "అడ్మిన్లే రాయాలి" అని సెట్టింగ్ మార్చేశాడు. ఇప్పుడు నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో అడగాలన్నా వాచ్‌మన్‌కి ఫోన్ చేయాల్సి వస్తోంది.